మూడు రోజుల మైల తీరినా తీరని దుఃఖానికి కార్తిక స్నానం దారి చూపుతుందా?

ప్రశ్న: గౌతమి, హైదరాబాదు

అందరికీ నమస్కారం. ఈ వేసవిలో మా అమ్మ కాలం చేసింది. కర్మకాండంతా అన్నయ్యలిద్దరూ శ్రద్ధగా జరిపించారు, ఆ విషయంలో నాకు ఏ కొరతా లేదు. అయితే పెళ్లయిన ఆడపిల్లకు మైల మూడు రోజులే కాబట్టి, ఆ గడువు తీరిన ఉదయం మా మేనత్త నా తల మీద చెంబులతో నీళ్లు పోసి, "నీకు శుద్ధి అయిపోయిందమ్మా, ఇక మీ ఇంటికి వెళ్లవచ్చు" అన్నారు. ఆ మాటలో ఆప్యాయత తప్ప మరొకటి లేదని నాకు తెలుసు. కానీ ఆ నీళ్లతో అమ్మకూ నాకూ మధ్య ఉన్నదంతా ముగిసిపోయిందని అందరూ అనుకోవడం, నా లోపల మాత్రం అప్పటికింకా ఏదీ మొదలు కూడా కాకపోవడం నన్ను ఇప్పటికీ కలచివేస్తోంది. పిండాలు పెట్టడం, తిలోదకాలు వదలడం, నెలనెలా మాసికం జరిపించడం అంటూ అన్నయ్యల చేతులకు పని ఉంది. నాకు ఏడవడం తప్ప చేయడానికి ఏమీ లేదు, ఉద్యోగం, పిల్లల చదువుల మధ్య ఆ ఏడుపుకు కూడా చోటు దొరకడం లేదు.

అమ్మ ఒంట్లో ఓపిక ఉన్నంతకాలం కార్తిక మాసమంతా రాజమండ్రిలో కోటిలింగాల రేవుకు వెళ్లి తెల్లవారకముందే స్నానం చేసేది. ఈ ఏడు నేను కూడా ఆ స్నానం చేయాలనుకుంటున్నాను. గోదావరికి కొద్ది రోజులు మాత్రమే వెళ్లగలను, మిగిలిన రోజులు ఇంట్లోనే చేయాలి. పుణ్యం కోసమని చెబితే అది నిజం కాదు. అమ్మ గురించి, ఆమెతో నేను గడిపిన కాలం గురించి నిలకడగా ఆలోచించుకోవడానికి, మనసులో గడ్డకట్టిన బాధను కరగనివ్వడానికి రోజుకు కొంత సమయం కావాలనే చేస్తున్నాను. ఇలాంటి ఉద్దేశంతో స్నానం చేయడం ఆచారానికి విరుద్ధమా? యాంత్రికంగా మారకుండా ఎలా చేయాలి? దీని మీద మరీ ఎక్కువ ఆశ పెట్టుకోవడం వల్ల ప్రమాదం ఏమైనా ఉందా? పెద్దలు, అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

సమాధానం: వేదపాఠి, కొవ్వూరు

అమ్మా, ముందుగా ఆచారం సంగతి చెబుతాను. ఏటిసూతకం, అంటే తల్లిదండ్రులు పోయాక ఏడాదిపాటు పాటించే నియమాలు, కర్మ చేసిన కొడుకులకు వర్తిస్తాయి. అత్తవారి గోత్రంలోకి వెళ్లిన మీకు కార్తిక స్నానానికి అడ్డు ఉండదనేదే సాధారణంగా పాటించే పద్ధతి. మీ అత్తవారింటి ఆనవాయితీ వేరుగా ఉంటే మీ పురోహితుణ్ణి ఒక్కమాట అడగండి. ఇంతకంటే ఈ విషయాన్ని సాగదీయనవసరం లేదు.

మీ అసలు ప్రశ్న స్నానం లోపలి సంగతి గురించి. నేను దాదాపు జీవితమంతా రేవులో సంకల్పాలు చెప్పిస్తూ గడిపినవాణ్ణి, కాబట్టి కొంత వివరంగా రాస్తాను. స్నానవిధిలో మునక చివర వస్తుంది. దానికి ముందు మనిషి నీళ్లలో నిలబడి సంకల్పం చెబుతాడు. జంబూద్వీపం, భరతఖండం, శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నాడో ఆ దిక్కు, ఏ నదుల నడుమ ఉన్నాడో ఆ నదులు, సంవత్సరం, మాసం, తిథి, వారం, తన గోత్రం, తన పేరు వరుసగా వస్తాయి. చాలామంది పురోహితుడు చెబుతుంటే వెంట పలికేసి తొందరగా మునిగిపోవాలని చూస్తారు. మీరు అలా చేయకండి. దుఃఖంలో ఉన్న మనిషి మనసు గడిచిపోయిన ఆసుపత్రి రాత్రుల దగ్గరో, రాబోయే ఏకాంతం దగ్గరో ఉంటుంది. నేను ఫలానా, ఈ రోజు ఈ తిథినాడు ఈ నీళ్లలో నిలబడి ఉన్నాను అని నోటితో చెప్పుకోవడం ఆ మనసును శరీరం ఉన్న చోటికి తీసుకువస్తుంది. మీకు సంస్కృతం కష్టమైతే తెలుగులోనే నెమ్మదిగా చెప్పుకోండి, చివర "మా అమ్మను తలచుకోవడానికి ఈ స్నానం చేస్తున్నాను" అని చేర్చుకోండి. అందులో దోషం ఉందని నేను అనుకోను.

రెండోది మంత్రం. ఋగ్వేదం పదో మండలంలోని తొమ్మిదో సూక్తం నీళ్లను ఉద్దేశించినది. "ఆపో హి ష్ఠా మయోభువః" అని మొదలయ్యే దాని మొదటి మూడు మంత్రాలు సంధ్యావందనం చేసేవారందరికీ తెలుసు, కానీ ఎనిమిదో మంత్రం మీద నిలిచి ఆలోచించేవారు తక్కువ. "ఇదమాపః ప్రవహత యత్కించ దురితం మయి, యద్వాహమభిదుద్రోహ యద్వా శేప ఉతానృతమ్." నాలో ఉన్న చెడును, నేను ఎవరికైనా ద్రోహం చేసి ఉంటే దాన్ని, ఎవరినైనా శపించి ఉంటే దాన్ని, ఆడిన అబద్ధాన్ని, ఓ జలములారా, తీసుకుపొండి అని దాని భావం. ఋషి "నా పాపమంతా పోవాలి" అని ఒక్క మాటతో సరిపెట్టకుండా ద్రోహం, శాపం, అసత్యం అని విడివిడిగా పేర్లు పెట్టి చెబుతున్నాడు. మీరు చేయవలసింది కూడా అదేనని నా అభిప్రాయం. రోజూ మొత్తం దుఃఖాన్ని ఒకేసారి నీళ్లకు అప్పగించాలని చూడకండి. ఈ రోజు అమ్మ మీద మిగిలిన కోపం ఒకటి, రేపు ఆమెకు చెప్పలేకపోయిన మాట ఒకటి, ఎల్లుండి, మైల తీరిన నాటి స్నానంలో కలిగిన ఆ బాధ. ఒక రోజుకు ఒకటి చాలు. దానికి పేరు పెట్టి, మనసులో స్పష్టంగా చెప్పుకుని, అప్పుడు మునగండి.

మునక తర్వాత తూర్పుగా తిరిగి దోసిలితో అర్ఘ్యం విడవండి. స్త్రీలకు తర్పణాధికారం ఉందా లేదా అన్న వాదంలోకి ఇక్కడ వెళ్లను, అర్ఘ్యానికి మాత్రం ఎవరి అభ్యంతరమూ లేదు. ఒడ్డుకు వచ్చాక పితృకర్మ చేసేవారు తడిబట్ట పిండుతూ చెప్పే శ్లోకం ఒకటి ఉంది. మా కులంలో పుట్టి సంతానం లేకుండా పోయినవారు ఈ వస్త్రం పిండిన నీటిని స్వీకరింతురు గాక అని దాని తాత్పర్యం. తన తల్లిదండ్రుల కోసం వచ్చినవాడు వెళ్లేముందు ఎవరూ లేనివారిని కూడా తలచుకుంటాడు. మీరు కూడా చీర కొంగు పిండుతున్నప్పుడు ఆ తలపు ఒకటి ఉంచుకోండి. సొంత బాధలో మునిగిన మనసుకు అక్కడ కాస్త ఊపిరాడుతుంది.

ఒక్క విషయంలో మాత్రం మీతో కొంచెం విభేదిస్తాను. స్నానాన్ని మందుగా చూడవద్దు. ఎంత తగ్గింది, ఇంకా ఎంత ఉంది అని రోజూ కొలుచుకుంటే ఆ కొలతే మనసుకు భారమవుతుంది. స్కాంద పురాణంలోని కాశీఖండంలో, దాన్ని మన శ్రీనాథుడు తెనిగించాడు, అగస్త్యుడు లోపాముద్రకు మానసతీర్థాల గురించి చెబుతాడు. సత్యం తీర్థం, ఓర్పు తీర్థం, ఇంద్రియనిగ్రహం తీర్థం అని చెప్పి, నీళ్లలోనే పుట్టి నీళ్లలోనే చచ్చే ప్రాణులు స్వర్గానికి పోవడం లేదు కదా అంటాడు. అగస్త్యుడు అప్పటికి ప్రాణంలా ప్రేమించిన కాశిని విడిచి దక్షిణానికి వచ్చిన మనిషి, ఆ ఎడబాటును తట్టుకోలేక విలపించిన మనిషి. అందుకే ఆయన మాట నాకు ఒట్టి ఉపదేశంగా వినిపించదు.

సమాధానం: ఉష, డల్లాస్

గౌతమి గారూ, మీరు ఇంట్లో చేసే రోజులను తక్కువగా చూడవద్దని చెప్పడానికే రాస్తున్నాను. మాకు ఇక్కడ స్నానానికి వెళ్లదగ్గ నది లేదు, ఉన్న చెరువులో దిగడానికి అనుమతి లేదు, కాబట్టి కార్తికమంతా స్నానాల గదిలోనే గడుస్తుంది. పోలి కథ మీ అమ్మగారు చెప్పే ఉంటారు. అత్తగారు మిగిలిన కోడళ్లను వెంటబెట్టుకుని నదికి వెళ్తూ చిన్నకోడలు పోలికి దీపం పెట్టే వీలు కూడా లేకుండా చేస్తే, ఆమె పెరట్లో నూతి దగ్గర స్నానం చేసి, కవ్వానికి అంటిన వెన్న తీసి, పత్తితో ఒత్తి చేసుకుని దీపం వెలిగించింది. విమానం ఆమె కోసమే దిగింది. తనకు చోటు లేదని ఇంట్లో వదిలేసిన ఆడపిల్ల కథను మన ఇళ్లలో ఏటేటా మార్గశిర పాడ్యమినాడు చెప్పుకుంటున్నారంటే, మీ ప్రశ్నలోని బాధ మన పెద్దవాళ్లకు తెలియనిది కాదు.

ఆచరణలో నాకు పనికివచ్చిన పద్ధతి చెబుతాను. షవరు కింద నిలబడితే ఆలోచన ఎటో కొట్టుకుపోతుంది, అందువల్ల బకెట్టులో నీళ్లు నింపుకుని, పీట మీద కూర్చుని, చెంబుతో పోసుకుంటాను. మొదటి చెంబు పోసుకునేముందు "గంగే చ యమునే చైవ గోదావరి సరస్వతి" శ్లోకం చెప్పుకుంటాను. సెల్‌ఫోను పడకగదిలోనే ఉంటుంది. నీళ్లు పోసుకునేటప్పుడు ఏడుపు వస్తే ఆపుకోను, ఎవరికీ సంజాయిషీ చెప్పుకోవలసిన పని లేని చోటు ఇంట్లో అదొక్కటే. ఒళ్లు తుడుచుకున్నాక తులసి కుండీ దగ్గర దీపం పెట్టి, అప్పుడు గానీ వంటింట్లోకి వెళ్లను. స్నానానికీ సంసారానికీ మధ్య ఆ కొద్ది నిమిషాలు లేకపోతే, లోపల కదిలినదంతా పిల్లల టిఫిను డబ్బాల హడావిడిలో చెదిరిపోతుంది.

సమాధానం: మనస్తత్వ సలహాదారు, విజయవాడ

మీ మూడో ప్రశ్నకు సమాధానం చెప్పడానికి ప్రయత్నిస్తాను. తల్లి పోయి నెలలు గడిచినా దుఃఖం తగ్గకపోవడం జబ్బు కాదు. మీ మాటల్లో నాకు కనిపించినది దుఃఖానికి చోటు దొరకకపోవడం, చేతులకు పని లేకపోవడం. అందువల్ల రోజూ ఒకే వేళకు, ఒకే క్రమంలో చేసే పనిని ఎంచుకోవడం మంచి నిర్ణయమే. ఆ పని మొదలు, ముగింపు ఉన్నది కావడం ఇంకా మేలు. బాధ ఎప్పుడు ముంచుకొస్తుందో అని రోజంతా భయపడే మనిషికి, దాన్ని తానుగా పిలిచే వేళ ఒకటి ఉందని తెలిస్తే మిగిలిన గంటలు కొంత తేలికవుతాయి.

శరీరం వైపు నుంచి కూడా ఒక మాట. ముఖం నీట మునిగి ఊపిరి బిగబట్టినప్పుడు గుండె వేగం కొంత తగ్గుతుంది, ఇది మనుషులందరిలోనూ ఉన్న సహజ స్పందన. మునిగి లేచాక మనసు ఒక్క క్షణం నిశ్చలమైనట్టు అనిపించడానికి అది కూడా ఒక కారణం కావచ్చు. ఆ నిశ్చలత్వాన్ని చూసి అంతా నయమైపోయిందని అనుకోవద్దు, మరునాడు అది రాకపోతే ఏదో తప్పు జరిగిందని కూడా అనుకోవద్దు. గుండెజబ్బు, మూర్ఛ ఉన్నవారు వైద్యుణ్ణి అడగకుండా చన్నీటి స్నానానికి, నదిలో మునకకు దిగకూడదు.

వేదపాఠి గారు చెప్పిన రోజుకొక్క విషయం అన్న పద్ధతి నాకు చాలా నచ్చింది. దానికి నేను చేర్చేది ఒక్కటే. స్నానం అయ్యాక, ఆ రోజు దేనికి పేరు పెట్టారో ఒక పుస్తకంలో అమ్మకు ఉత్తరం రాసినట్టుగా రాయండి. మనసును కలచివేసిన అనుభవాల గురించి రోజుకు 15 నిమిషాల చొప్పున వరుసగా నాలుగు రోజులు రాయించే పద్ధతిని అమెరికన్ మనస్తత్వవేత్త జేమ్స్ పెన్నెబేకర్ 1980ల్లో పరీక్షించాడు. ఆ తర్వాత చాలామంది చేసిన అధ్యయనాల్లో దాని ప్రభావం చిన్నదిగానే తేలింది, అందరికీ ఒకేలా పనిచేయలేదు. అయినా ఖర్చులేని పని, మీలాగా విషయాన్ని విడమరచి రాయగలవారికి నేను తరచూ సూచిస్తాను. రాస్తున్నకొద్దీ బాధ మరీ ఎక్కువైతే ఆపేయండి.

ప్రమాదం ఎక్కడంటే, స్నానం అన్నిటికీ బదులుగా నిలబడినప్పుడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణలో ఇప్పుడు దీర్ఘకాలిక శోకానికి ప్రత్యేక స్థానం ఉంది. ఆరు నెలలు దాటినా ఎడతెగని తపన రోజువారీ పనులను సాగనివ్వకపోతే దాన్ని గుర్తించి చికిత్స చేయాలని అది చెబుతుంది. నిద్ర, ఆకలి పూర్తిగా దెబ్బతిన్నా, బతకాలని లేదన్న ఆలోచన వచ్చినా కార్తికం ముగిసేదాకా ఆగకండి. ప్రభుత్వ టెలీ మానస్ సేవ 14416 నంబరులో తెలుగులో కూడా మాట్లాడతారు.

గౌతమి

అందరికీ కృతజ్ఞతలు. నిద్ర, ఆకలి బాగానే ఉన్నాయి, పని కూడా చేసుకోగలుగుతున్నాను. వేదపాఠి గారూ, కొలుచుకోవద్దన్న మాట నాకు బాగా తగిలింది. నేను నెల ఆఖరుకు తేలికపడి తీరాలని ముందే ఒక గడువు పెట్టుకున్నాను. ఇంట్లో స్నానం ఉష గారు చెప్పినట్టే చేస్తాను. రాజమండ్రికి ఏ రోజుల్లో వెళితే మంచిదో ఎవరైనా చెప్పగలరా? జనసమ్మర్దంలో నా ఆలోచన సాగదని భయంగా ఉంది.

సమాధానం: కోటిలింగాల వాసి

సోమవారాలు, ఏకాదశి, పున్నమి వదిలేయండమ్మా. ఆ రోజుల్లో మెట్ల మీద కాలు పెట్టే సందు ఉండదు, వెనక ఉన్నవారి కోసం మునిగిన వెంటనే లేచి రావాలి. మంగళ, బుధ, గురువారాల్లో నాలుగున్నరకు రేవులో దిగితే మీకు కావలసినంత నిదానం దొరుకుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట దిగువనే ఉండడంతో ఇక్కడ నీరు మామూలుగా నిలకడగా ఉంటుంది. అయినా నీటిలోపలి మెట్లకు పాకుడు పట్టి ఉంటుంది, గొలుసు పట్టుకునే దిగండి, నడుము లోతు దాటి వెళ్లకండి. ఆ వేళకు నీళ్లు గాలికంటే నులివెచ్చగా తగులుతాయి, వణుకు పుట్టేది ఒడ్డుకు వచ్చాక తడిచీర మీద గాలి కొట్టినప్పుడే. పొడిబట్టలు, ఒక శాలువా పైమెట్టు మీదే పెట్టుకోండి. పట్టణపు మురుగు నదిలో కలుస్తున్న మాట అందరికీ తెలిసిందే కాబట్టి, ఆచమనానికి, అంటే మంత్రం చెబుతూ పుచ్చుకునే నీళ్లకు మాత్రం ఇంటి నుంచి చిన్న చెంబుతో నీళ్లు తెచ్చుకోండి.

2027లో వచ్చే గోదావరి పుష్కరాల్లో అమ్మగారిని తలచుకుని మళ్లీ స్నానం చేయాలని మీకు తప్పకుండా అనిపిస్తుంది. అప్పుడు మొదటి రోజే రావాలని తొందరపడకండి. 2015 జులై 14న, పుష్కరాల తొలినాడు, పుష్కర ఘాట్ తొక్కిసలాటలో 20 మందికి పైగా ప్రాణాలు పోయాయి. ఆ ఉదయాన్ని ఈ ఊరు మరిచిపోలేదు. పన్నెండు రోజుల్లో ఏ రోజైనా గోదావరి ఒకటే.

ఈ కార్తికంలో వచ్చే రోజు ముందుగా ఇక్కడ రాయండి. మా ఇంటి ఆడవాళ్లు ఈ నెలంతా రోజూ రేవుకు వెళ్తారు, మీకు తోడుగా ఉంటారు. మీరు ఆలోచించుకుంటున్నంతసేపు పలకరించవద్దని నేను చెబుతాను.