ఎంజీ టీసీకి పెయింట్ గీకించేముందు దాని చరిత్ర ఎలా పట్టుకోవాలి? (చెన్నై)

పెరంబూరు_గూడూరు:
అందరికీ నమస్తే. గూడూరులో మా పెదనాయన షెడ్డులో పాతికేళ్ళుగా ఒక ఎంజీ టీసీ (పాతకాలపు ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు) మూలన పడుంది, పోయిన నెల లారీలో ఎక్కించి పెరంబూరు తెచ్చుకున్నా. షోళవరం రేసుల్లో పరిగెత్తిన బండి అని ఇంట్లో అంటారు కానీ నా చేతిలో ఉన్నది చిరిగిపోయిన ఆర్సీ బుక్కు, రెండు ఫోటోలు అంతే. పెయింటర్ ఏమో రేకు తేలేదాకా గీకేద్దాం సార్, సోమవారం మొదలుపెడతా అంటున్నాడు. బండి మెరవడం కన్నా అది ఎవరి చేతులు మారి మా ఇంటికొచ్చిందో తెలియడం నాకు ముఖ్యం. ఎక్కడ మొదలెట్టాలి?

పాతబండి_అడయార్:
తమ్ముడూ ముందు పెయింటర్‌కి ఫోన్ చేసి ఆపు. నా బండి షాపులో వదిలి ఊరెళ్ళొచ్చేసరికి మొత్తం గీకేశారు, డోర్ మీద తెల్ల గుండ్రంలో ఏదో నంబర్ ఉండింది సార్ అన్నాడు కుర్రాడు, అది రేసు నంబరే అయ్యుండాలి, ఏ నంబరో వాడికి గుర్తు లేదు. ఆ బాధ ఇంకా పోలేదు నాకు. నువ్వు డోరు, బానెట్ పక్కన రూపాయి బిళ్ళంత చోట వాటర్ పేపర్‌తో (తడిపి రుద్దే సన్న గరుకు కాగితం) మెల్లగా రుద్దు, ఒక్కో కోటు రింగులా బయటపడుతుంది, పగటి వెలుతురులో ఫోటో తీసుకో.
తర్వాత చాసిస్ నంబర్. టీసీ నంబర్లు 0251 నుంచి మొదలవుతాయి, ఎందుకంటే ఈ బండ్లు చేసిన ఇంగ్లండ్ అబింగ్డన్ ఫ్యాక్టరీ ఫోన్ నంబర్ 251! 1945 నుంచి 1949 దాకా సుమారు 10,000 బండ్లు చేశారు కాబట్టి నీది ముందుదా చివరిదా నంబర్ చూస్తేనే అంచనా దొరుకుతుంది. అక్కడి ఎంజీ కార్ క్లబ్‌లో టీ రిజిస్టర్ అని ఈ బండ్లకే ఒక విభాగం ఉంది, ఫోటోలతో రాయి.

మైలాపూర్_అక్క:
ఆర్సీ చిరిగినా సరే పారేయకండి, ప్రతి పేజీ స్కాన్ చేయండి, పాత ఓనర్ల పేర్లు ఉండేది అందులోనే. 2021 రూల్స్ ప్రకారం 50 ఏళ్ళు దాటిన బండిని వింటేజ్‌గా రిజిస్టర్ చేసుకోవచ్చు, ముందే రిజిస్టర్ అయిన బండికి పాత నంబరే ఉంచుకోవచ్చు. కొత్తగా చేయిస్తే వీఏ సిరీస్ వస్తుంది, ఫీజు 20,000. పాత నంబర్ మాత్రం వదులుకోవద్దండి, మీ ఫోటోల్లో బండి ఇదేనని చెప్పేది అదే కదా. రోజూ తిప్పడానికి మాత్రం ఒప్పుకోరు.

సూళ్ళూరుపేట_పెద్దాయన:
నాయనా, షోళవరం అంటే యుద్ధకాలం నాటి విమానాల రన్‌వే, టీ ఆకారంలో ఉండేది. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ 1953లో పుట్టింది, 1990లో ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ వచ్చేదాకా రేసులంటే మాకు షోళవరమే, నెల్లూరు రోడ్డు మీదే కాబట్టి మా ఊరి కుర్రాళ్ళం బస్సెక్కి పోయేవాళ్ళం. ఎగ్మూరు కన్నెమరా లైబ్రరీలో పాత పేపర్లు తిరగెయ్, కానీ దానికన్నా ముందు మీ పెదనాయన దగ్గర కూర్చుని ఫోన్‌లో రికార్డ్ పెట్టు. పేపర్లు రేపూ ఉంటాయి.
ఇంకొకటి, ఆ 1250 సీసీ ఇంజిన్ బోల్టులకి తల విట్‌వర్త్ (పాత ఇంగ్లీషు కొలత) స్పానర్‌కి పడుతుంది, మర మాత్రం మెట్రిక్. తెలియని మెకానిక్ దొరికిన బోల్టు బిగిస్తే బ్లాక్‌లో మర పోతుంది. రేకు కింద చెక్క ఫ్రేము పుచ్చినా పారేయొద్దు, కొత్తది కోయడానికి కొలత అదే.

పెరంబూరు_గూడూరు:
పెయింటర్‌ని ఆపేశా. ఎర్ర రంగు కింద ఆకుపచ్చ, దాని కింద ఇంకో ఎరుపు, నంబర్ గుండ్రం అయితే ఇంకా కనపడలేదు. పెదనాయనకి ఫోన్ చేస్తే నలభై నిమిషాలు మాట్లాడారు, ఆకుపచ్చ వేయించింది ఆయనేనంట, ఇన్నేళ్ళలో నేనెప్పుడూ అడగనే లేదు. అప్పటి మెకానిక్ వ్యాసర్‌పాడిలోనే ఉన్నాడంట, ఆదివారం వెళ్తున్నా.