వాన పడిన తెల్లారే చేపలు తేలాయి, చెరువులో మందు కలిపారంటారా?

మాది నరసన్నపేట దగ్గర పల్లె. ఎకరంన్నర చెరువులో నాన్న బొచ్చె, శీలావతి పెంచుతున్నారు, చాలావరకు కేజీ దాటాయి. వారం రోజులుగా ఎండలు మాడ్చేశాయి, మొన్న సాయంత్రం ఈదురుగాలితో గంటసేపు వాన పడితే అందరం హమ్మయ్య అనుకున్నాం. తెల్లవారుజామున నాలుగున్నరకి నాన్న టార్చి వేసి చూస్తే నీటి మీద ఎక్కడ చూసినా మూతులే, గుటకలు వేస్తున్నాయి, చేత్తో నీళ్లు తట్టినా లోపలికి పోవట్లేదట. ఎండెక్కేసరికి నలభైకి పైగా పోయాయి, అన్నీ పెద్దవే. పక్క చేను వాళ్లతో గట్టు తగాదా ఉంది, వాళ్లే మందు కలిపారని నాన్న కేసు పెడతానంటున్నారు. ఇంట్లో అందరికీ టెన్షన్. ఏటి చేయమంటారు?

చెరువుగట్టు:
కేసు రెండు రోజులు ఆపండి బాబూ. మందయితే చిన్న చేపపిల్లలూ పరిగెలూ కప్పలూ కూడా పోతాయి, దానికి తెల్లవారుజామనే లెక్క ఉండదు. ఊపిరాడకపోతే మాత్రం సరిగ్గా ఆ వేళకే, అదీ పెద్దవి ముందు పోతాయి. చచ్చిన బొచ్చె నోరు తెరుచుకుని మొప్పలు విచ్చుకుని ఉందా? కొర్రమీనులు ఏమయ్యాయి? అవి పైకొచ్చి గాలి పీల్చుకునే రకం, ఆక్సిజన్ లేని నీళ్లలోనూ నెట్టుకొస్తాయి గానీ విషానికి తట్టుకోవు.

అడిగినవారు:
నోళ్లు తెరిచే ఉన్నాయండి. కొర్రమీనులు రెండు నిన్న వలలో పడ్డాయి, ఎగిరెగిరి పడుతున్నాయి. కానీ వానకి నీరు చల్లబడింది కదా, ఊపిరాడకపోవడం ఏటి?

సిక్కోలు చేప:
వానకు ముందు వారం ఏం జరిగిందో చూడండి. వేడెక్కే కొద్దీ నీటికి ఆక్సిజన్ పట్టుకునే శక్తి తగ్గుతుంది, 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా నిలిచేది 30 దగ్గర ఏడున్నరకి పడిపోతుంది. చేపకి మనలా సొంత ఒంటివేడి లేదు, నీటి వేడే దాని వేడి, పది డిగ్రీలు పెరిగితే ఆక్సిజన్ ఖర్చు సుమారు రెట్టింపవుతుంది. అంటే రాబడి తగ్గిన రోజే ఖర్చు పెరిగింది. దీనికి తోడు పగలు ఆక్సిజన్ ఇచ్చే పచ్చ నాచు రాత్రి తనే పీల్చుకుంటుంది, అందుకే తెల్లారే ముందు మరీ అడుగంటుతుంది.

ఇక వాన సంగతి. ఎండకి పైనీరు వేడెక్కి తేలికై పైనే ఉండిపోతుంది, అడుగున బరువైన చల్లటి నీరు, అందులో కుళ్లిన మేత, పేడ, బురద, ఆక్సిజన్ దాదాపు సున్నా. గాలివాన పైనీటిని చల్లార్చి రెండింటినీ కలిపేసింది. మనకి హాయిగా అనిపించిన వానే మీ చేపల్ని చంపింది.

బుల్లోడు:
బోరు వేసేయండి, చల్లటి నీళ్లు పడితే అవే లేస్తాయి.

చెరువుగట్టు:
ఊరికే పైపు ముంచేస్తే లాభం లేదు, బోరు నీళ్లలోనూ ఆక్సిజన్ ఉండేది తక్కువే. పైపు ఎత్తున పెట్టి రాళ్ల మీదో రేకు మీదో పడి చిమ్మేలా చూడండి. ఏరేటర్ (నీళ్లలో గాలి కలిపే యంత్రం) దొరక్కపోతే చెరువు నీళ్లనే మోటారుతో తోడి మళ్లీ చెరువులోకే చిమ్మండి, రాత్రి రెండు నుంచి పొద్దు పొడిచేదాకా. తవుడు, చెక్క, పేడ అన్నీ ఆపేయండి. ఎండల్లో తినని మేత త్వరగా కుళ్లి అమ్మోనియా పుడుతుంది, నీరు వేడిగా ఉంటే ఆ అమ్మోనియాకే విషం ఎక్కువ.

ఉప్పుటేరు:
మా రొయ్యల గోల వేరు. వనామీ రకం రొయ్యకి చలికాలమే గండం, నీరు చల్లబడితే మేత తగ్గిస్తుంది, తెల్లమచ్చ వైరస్ కూడా అప్పుడే రెచ్చిపోతుంది. చేపల వాళ్లు మేలో లేస్తే మేం డిసెంబరులో లేస్తాం నిద్దర్లోంచి.

అడిగినవారు:
నిన్న మధ్యాహ్నం మూడింటికి సీసాకి రాయి కట్టి, మూతకి వేరే తాడు కట్టి అడుగుకి దించి అక్కడ మూత లాగాం. బుడగలు ఆగాక పైకి తీసి వెంటనే థర్మామీటర్ పెట్టాం. పైన 34, ఐదడుగుల కింద 30. నాన్నే చదివి చెప్పారు, మళ్లీ ఒకసారి ముంచి చూశారు కూడా. పక్క చేను వాళ్ల మీద అనుమానం ఇంకా పూర్తిగా పోలేదు గానీ మేత ఆపారు, రాత్రి మోటారు దగ్గరే మంచం వేసుకున్నారు. ఈ తెల్లవారుజామున నాలుగింటికి టార్చి వేస్తే పైన మూతులు పదికి మించి లేవు, నీళ్లు తట్టగానే మునిగిపోయాయి. మేత మళ్లీ ఎప్పుడు మొదలెట్టాలో ఎవరైనా చెప్పండి.