నాలుగో వంతు మాంక్స్ నార్టన్: ఇంజన్ స్టార్ట్ అవుతోంది కానీ నిలబడట్లేదు

తిరుపతి బుల్లిబండి:
అన్నలూ, చిన్న సాయం కావాలి. రెండున్నరేళ్లుగా మేడ మీద గదిలో పాత బ్రిటిష్ రేసు బైకు మాంక్స్ నార్టన్ 500ని నాలుగో వంతు సైజులో చేస్తున్నా. షోకేసు బొమ్మ కాదు, స్టార్ట్ అవ్వాల్సిందేనని పంతం. 1954లో వచ్చిన షార్ట్ స్ట్రోక్ మోడల్, అసలు బండికి బోరు (సిలిండర్ అడ్డం) 86, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 85.6 మి.మీ., నాదానికి 21.5, 21.4. లెక్కేస్తే 7.8 సీసీ దాకా వస్తుంది.

ఫ్రేము పెద్దగా ఏడిపించలేదు. ఫెదర్‌బెడ్ అనే ఆ నార్టన్ ఫ్రేము గొట్టం అంగుళంపావు కాబట్టి 8 మి.మీ. స్టీలు గొట్టం సరిపోయింది, బ్రేజింగ్‌తో అతికేశా. చుక్కలు చూపించింది ఇంజన్ కింది డబ్బా, అదే క్రాంక్‌కేసు. చివరికి ఇక్కడే పంచలోహ విగ్రహాలు పోసే ఒకాయన్ని బతిమాలి, మైనం అచ్చు నేనే చేసిచ్చి, పాత పిస్టన్లు కరిగించి పోయించుకున్నా. మొదటిది అంతా బుడగలే. రెండోది కుదిరింది. ఇది ఏ దేవుడయ్యా అని ఆయన ఇప్పటికీ ఆటపట్టిస్తాడు.

ఇంతకీ సమస్య ఏంటంటే, డ్రిల్లు మిషన్ పెట్టి తిప్పితే టపటపమని పేలుతుంది, డ్రిల్లు తీస్తే రెండు సెకన్లలో ఠక్కున ఆగిపోతుంది. స్పార్క్ ఇచ్చే మాగ్నెటో డబ్బాలో సెన్సార్ దాచి పెట్టా, స్పార్క్ బాగానే ఉంది, పెట్రోలూ అందుతోంది. ఫ్లైవీల్ (ఇంజన్ తిరుగుడు ఆగకుండా చూసే బరువు చక్రం)తో సహా అన్నీ కొలత ప్రకారమే చేశా.

రేణిగుంట లేత్:
తమ్ముడూ, ఫ్లైవీల్‌తో సహా కొలత ప్రకారమే అన్నావు చూడు, తప్పు అక్కడే ఉంది. పొడవు నాలుగో వంతు అయితే సిలిండర్‌లో గాలి 64వ వంతు అవుతుంది, నొక్కడానికి పట్టే శక్తీ అంతే. కానీ ఫ్లైవీల్ జడత్వం బరువుతో పాటు వ్యాసార్ధం వర్గంతో కూడా తగ్గుతుంది కదా, అది 1024వ వంతుకి పడిపోతుంది. అంటే కంప్రెషన్ దాటించే సత్తా పెద్ద ఇంజన్‌తో పోలిస్తే పదహారో వంతే. అదే సత్తా రావాలంటే స్పీడు నాలుగింతలు కావాలి. పెద్దది 1000 దగ్గర తిరిగినట్టు నీది 4000 దగ్గర తిరగాలి, డ్రిల్లు అంత ఇవ్వదు. అసలు మాంక్స్‌కే కిక్ రాడ్ లేదు, తోసుకుంటూ పరిగెత్తి స్టార్ట్ చేసేవాళ్లు, నీ బుడ్డోడు నెమ్మదిగా నిలబడతాడని ఎలా అనుకున్నావు?

టెస్టింగ్‌కి క్రాంక్ చివర ఇత్తడి బిళ్ళ బిగించు. 60 మి.మీ. అడ్డం, 12 మందం, అదే పావు కిలో దాటుతుంది. బ్యాలెన్స్ మాత్రం చూసుకో, వేగంగా తిరిగేటప్పుడు ఊడితే కళ్ళు పోతాయి.

చిత్తూరు చిన్నోడు:
అదొక్కటే కాదబ్బా. స్పార్క్ ప్లగ్గు, సెన్సార్ ఇవన్నీ ఎందుకు, స్పార్క్ లేకుండా ఎర్రగా కాలే తీగతో మండించే గ్లో ప్లగ్గు పెట్టి మిథనాల్‌లో ఆముదం కలిపి కొట్టు, సగం తలనొప్పి పోతుంది. ఆముదం పెట్రోల్‌లో సరిగ్గా కలవదు కానీ మిథనాల్‌లో శుభ్రంగా కలుస్తుంది. పైగా పాత రేసు బండ్ల వాసన కూడా వస్తుంది. మా అవ్వ మాత్రం ఎవరికి విరేచనాలని అడిగింది.

రేణిగుంట లేత్:
సలహా ఇచ్చేముందు జాగ్రత్త కూడా చెప్పు చిన్నోడా. మిథనాల్ విషం, పగలు వెలుతురులో దాని మంట కూడా సరిగ్గా కనబడదు. మేడ మీద గదిలో వద్దు. తమ్ముడూ, స్పార్కే ఉంచుకో. మాంక్స్ అంటూ గ్లో ప్లగ్గు పెట్టడం నాకైతే నచ్చదు.

పాత బండ్ల పిచ్చి:
ఇద్దరూ వాల్వులు మర్చిపోయారు. హెడ్డు విప్పి తిరగేసి, వాల్వులు మూసి ఉండగా చాంబర్‌లో కిరోసిన్ పోసి పది నిమిషాలు వదిలేయ్. పోర్టు (వాల్వు వెనక దారి) తడిసిందంటే వాల్వు ఆనే సీటు లీకే. నాకు ఒక లేత్ షాపులో సీట్లు వంకరగా కోసిచ్చారు, మూడు నెలలు కార్బ్యురేటర్‌ని తిట్టుకుంటూ కూర్చున్నా. ఇంకోటి, మాంక్స్‌లో వాల్వులు తెరిచే క్యామ్‌లు నిలువు షాఫ్టు మీద బెవెల్ గేర్లతో తిరుగుతాయి కదా, కింద, పైన రెండు చోట్లా పళ్ల మధ్య ఆట, అంటే కాస్త ఖాళీ, ఉంటుంది. 5 మి.మీ. వ్యాసార్ధం గేరులో 0.2 మి.మీ. ఆట అంటే రెండు డిగ్రీలు పైనే. టైమింగ్ చూసేటప్పుడు తిరిగే దిశలోనే తిప్పి చూడు, వెనక్కి తిప్పి చూడొద్దు.

తిరుపతి బుల్లిబండి:
పది రోజులకి వస్తున్నా. ఎగ్జాస్ట్ సీటు నిజంగానే కారింది, వాల్వు గ్రైండింగ్ పేస్టు పెట్టి రుద్దా. బిళ్ళ బిగించా. నిన్న రాత్రి నలభై సెకన్లు తిరిగింది అన్నా! చేతులు వణికి, ఆపడం కూడా మర్చిపోయా, పెట్రోలు అయిపోయి అదే ఆగింది. కింద ఇంటివాళ్లు మిక్సీ కాలిందేమో అనుకుని పైకొచ్చారు. కానీ ఆ బిళ్ళ బండికి ఎడమ పక్క చక్రంలా పొడుచుకొచ్చి అసహ్యంగా ఉంది, ఎక్కడ దాచాలి?

రేణిగుంట లేత్:
చైను గార్డు రెండు మి.మీ. పెద్దది చేసి, బిళ్ళ అంచు కాస్త తగ్గించి దాని వెనక పెట్టు. వెర్నియర్ పట్టుకుని కొలవడానికి ఎవరొస్తారు?