మా ఊళ్లో ఏడు రోజుల భాగవత ప్రవచనం: సేవకుల బృందాలు ఎలా వేసుకోవాలి? చేసినవాళ్లు చెప్పండి

గోదారిగట్టు
అందరికీ నమస్కారం. మాది తణుకు దగ్గర ఊరు. వచ్చే కార్తీకంలో మా హైస్కూల్ గ్రౌండ్‌లో ఏడు రోజుల భాగవత ప్రవచనం పెట్టుకుంటున్నాం. గురువుగారు డేట్లు ఇచ్చేశారు. రోజూ సాయంత్రం 6 నుంచి 8:30 వరకు. ఆయన మాట వినడానికి పదేళ్లుగా వేరే ఊళ్లకు బస్సెక్కి వెళ్తున్నాను. మా ఊరు వస్తానన్న రోజు రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు. ఇప్పుడు టెన్షన్‌తో పట్టడం లేదు.

కమిటీలో పద్నాలుగు మందిమి. మొదటి మీటింగులో అందరూ "ఏ పనైనా చేస్తాం" అన్నారు. రెండో మీటింగులో పనులు పంచుకుందామంటే, స్టేజీ దగ్గర ఉంటామని తొమ్మిది మంది చేతులెత్తారు. చెప్పుల దగ్గర ఎవరుంటారంటే ఒక్క చెయ్యీ లేవలేదు. రోజుకి వెయ్యి నుంచి పదిహేను వందల మంది వస్తారని అనుకుంటున్నాం. ఎంతమంది సేవకులు కావాలి, ఎలా పంచాలి? ఎక్కడ దెబ్బ తింటామో కూడా చెప్పండి.

ఖమ్మం_తమ్ముడు
అన్నా, ముందు ఒక్క మాట. మీ తొమ్మిది మందిది తప్పు కాదు. వాళ్లు ఆయన్ని వినాలనే కదా ఈ పనిలోకి వచ్చింది! స్టేజీ దగ్గరుంటే వినపడుతుంది, చెప్పుల దగ్గరుంటే వినపడదు. మేం రెండేళ్ల కింద మా దగ్గర రామాయణ ప్రవచనం పెట్టించినప్పుడు ఇది అర్థం చేసుకోలేదు. పార్కింగ్‌కి వేసిన పిల్లలు ఏడు రోజులూ పార్కింగ్‌లోనే ఉన్నారు. నాలుగో రోజుకి ఆరుగురిలో ఇద్దరే మిగిలారు. ఒక తమ్ముడు వెళ్తూ వెళ్తూ "అన్నా, రాముడు అడవికి పోయిండా, ఇంకా అయోధ్యలోనే ఉన్నాడా?" అని అడిగాడు. కోపంగా కాదు, నిజంగానే తెలియక అడిగాడు. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే మనసు చివుక్కుమంటుంది.

తర్వాతి ఏడాది పద్ధతి మార్చాం. ప్రతి పనికీ రెండు జట్లు. ఈ రోజు పని చేసిన జట్టు రేపు కూర్చుని వింటుంది. ఎవరికైనా ఏడింట్లో కనీసం మూడు రోజులు ప్రవచనం దక్కాలని రూల్ పెట్టుకున్నాం. మనుషులు ఎక్కువ కావాలి, నిజమే. మాకు వెయ్యి మందికి డెబ్బై మంది పట్టారు. కానీ ఆఖరి రోజు వరకు ఒక్కరూ జారుకోలేదు.

ఇంకోటి. "ఏ పనైనా చేస్తాం" అన్నవాళ్లను పని అడగొద్దు, టైం అడుగు. ఏ రోజు, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా? అది కాగితం మీద రాసుకుంటే సగం గందరగోళం పోతుంది.

కడపబిడ్డ
పైన తమ్ముడు చెప్పిందే నాదీ. నేను తిరుమలలో శ్రీవారి సేవకు నాలుగుసార్లు వెళ్లాను. 2000లో మొదలైన సేవ అది. అక్కడ మన పని మనం ఎంచుకోం. ఒకరోజు కూరగాయలు తరగడం, ఒకరోజు క్యూలో మంచినీళ్లు, ఒకరోజు అన్నప్రసాదం వడ్డన. ఊళ్లో పెద్ద డాక్టరు, మా వీధి టైలరు పక్కపక్కనే కూర్చుని బీన్స్ తరిగారు. మా ఊళ్లో కార్యక్రమానికి అదే పద్ధతి పెట్టాం. ఎవరికి ఏ పనో చీటీలు తీశాం. మొదట పెద్దవాళ్లు కొందరు మొహం చిన్నబుచ్చుకున్నారు, చీటీలో కమిటీ అధ్యక్షుడికే చెత్తబుట్టలు వచ్చేసరికి ఇంకెవరూ మాట్లాడలేదు. ఆయన చేసి చూపించారు.

పులిహోరపిన్ని
గుడివాడ నుంచి. బాబూ, ఆడవాళ్ల బృందం గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను చెప్తాను. వచ్చేవాళ్లలో ముప్పాతిక మంది ఆడవాళ్లే ఉంటారు, కమిటీలో మాత్రం ఒకరో ఇద్దరో. మీ పద్నాలుగు మందిలో ఎంతమంది ఆడవాళ్లో రాయలేదు నువ్వు. కనీసం ఐదుగురుండాలి, అదీ ప్రసాదం పొట్లాలు కట్టడానికి కాదు, నిర్ణయాల్లో.

మా మొదటి కార్యక్రమంలో బాత్‌రూమ్ ఎక్కడో అడగడానికి మగ వాలంటీర్లే కనిపించేవారు. పెద్దావిడ ఒకామె సిగ్గుపడి అడగలేక ప్రవచనం మధ్యలో లేచి ఇంటికెళ్లిపోయింది. మర్నాడు నాకు చెప్పుకుని ఏడ్చింది. ఆ రోజు నుంచి ఆడవాళ్ల వైపు ప్రతి పాతిక అడుగులకీ ఒక అమ్మాయిని నిలబెట్టాం, పసుపు కండువాతో. స్కూల్ బాత్‌రూములు చాలవు, మున్సిపాలిటీ వాళ్లనో పంచాయతీ వాళ్లనో అడిగి మొబైల్ టాయిలెట్లు తెప్పించు. నీళ్ల డ్రమ్ము, మగ్గు, లైటు ఉన్నాయో లేదో సాయంత్రం ఐదింటికి ఒకరు స్వయంగా వెళ్లి చూడాలి.

నీళ్ల లెక్క కూడా రాసుకో. మనిషికి గ్లాసున్నర అనుకుంటే 1500 మందికి 20 లీటర్ల టిన్నులు 28 కావాలి. రెండు ఎక్కువే తెప్పించు. ప్రసాదం పులిహోర మేలు. దద్దోజనం సాయంత్రానికి పులిసే భయం, చక్కెర పొంగలి చేతులకి అంటుకుని కార్పెట్లన్నీ పాడవుతాయి. మధ్యాహ్నం మూడింటికి కలిపేస్తే రాత్రి 8:30కి ఘుమఘుమలాడుతూ ఉంటుంది. పంచడం మాత్రం గేటు దగ్గర పెట్టకు, అక్కడే తోసుకుంటారు. లోపలే నాలుగు చోట్ల బల్లలు వేయించు.

రుక్మిణీ కళ్యాణం ఏ రోజో గురువుగారిని ముందే కనుక్కో. సాధారణంగా ఆరో రోజు వస్తుంది. ఆ రోజు పెళ్లికావలసిన పిల్లల తల్లులంతా వస్తారు, మామూలు జనానికి ఒకటిన్నర రెట్లు. తలంబ్రాలు, పసుపు కుంకుమ పొట్లాలు ముందురోజే కట్టి ఉంచాలి. నాలుగో రోజు కృష్ణ జననం, ఆ రోజు చంటిపిల్లలకి చిన్ని కృష్ణుడి వేషాలు వేసి తెస్తారు. తప్పిపోయిన పిల్లల కోసం మైకు దగ్గరే ఒక కుర్చీ, ఒక పిన్ని.

ధ్వని_నెల్లూరు
మైకు గురించి. నేను ఇరవై ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. ప్రవచనానికి వచ్చినవాళ్లు ఎండైనా వానైనా ఓర్చుకుంటారు, మాట వినపడకపోతే మాత్రం ఓర్చుకోరు. పెళ్లిళ్లకి పెట్టే పెద్ద బాక్సులు రెండు స్టేజీకి అటూ ఇటూ పెట్టి వాల్యూమ్ పెంచేయొద్దు. ముందు వరుసకి చెవులు గింగురుమంటాయి, వెనక వరుసకి మాట ముద్దగా వినిపిస్తుంది. చిన్న బాక్సులు ఎక్కువ పెట్టి, తక్కువ సౌండ్‌తో జనం మధ్యదాకా తీసుకెళ్లాలి. గురువుగారికి తన గొంతు తనకి వినపడేలా ఎదురుగా ఒక చిన్న స్పీకరు. మైకు సెట్టుకి కరెంటు లైను విడిగా ఉండాలి, వంట దగ్గర మోటారుకీ దానికీ ఒకే లైనిస్తే గుయ్‌మంటూనే ఉంటుంది.

పోలీస్ స్టేషన్లో మైకు పర్మిషన్ తప్పనిసరి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్ స్పీకర్లు నిషేధం, ఆస్పత్రికి వంద మీటర్ల లోపల అసలు ఒప్పుకోరు. మీ గ్రౌండ్ పక్కన ఏముందో చూసుకోండి. సేవకుల్లో ఒకర్ని కేవలం చివరి వరుసలో కూర్చోబెట్టండి. వినపడకపోతే చెయ్యెత్తి మాకు సైగ చేయడమే ఆయన పని. నేను చూసిన వాటిలో అన్నిటికన్నా ఉపయోగపడిన సేవకుడు ఆయనే.

లెక్కలమాస్టారు
డబ్బు దగ్గర స్నేహాలు చెడిపోవడం కళ్లారా చూశాను కాబట్టి రాస్తున్నాను. మా కమిటీలో ఒకరు మంచి ఉద్దేశంతోనే తన సొంత నంబరుతో ఉన్న క్యూఆర్ కోడ్ గేటు దగ్గర అంటించారు. పైసా కూడా తినలేదు, అది నాకు తెలుసు. కానీ తన జీతం, ఇంటి ఖర్చులు, విరాళాలు అన్నీ ఒకే ఖాతాలో కలిసిపోయి లెక్క తేలలేదు. ఊళ్లో నానా మాటలన్నారు. ఆయన ఇప్పుడు గుడికి కూడా రావడం మానేశారు.

కమిటీ పేరుతో బ్యాంకులో ఖాతా తెరవండి, ఇద్దరి సంతకాలతో. క్యూఆర్ దానిదే పెట్టండి. రసీదు పుస్తకాలకి నంబర్లు వేయించి, ఏ పుస్తకం ఎవరి దగ్గరుందో రాసుకోండి. హుండీ తెరిచేటప్పుడు ముగ్గురుండాలి. రోజూ రాత్రి వచ్చిందెంత, ఖర్చెంత అని ఒక కాగితం రాసి, మర్నాడు సాయంత్రం గేటు దగ్గర బోర్డు మీద అంటించండి. పది నిమిషాల పని. మూడో రోజుకి అడగకుండానే విరాళాలు పెరిగాయి మాకు.

విద్యార్థి_వరంగల్
కాలేజీ పిల్లల్ని పిలిచేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది: భోజనం. సాయంత్రం నాలుగింటికి క్లాసుల నుంచి నేరుగా వచ్చి, రాత్రి తొమ్మిదిన్నర దాకా నిలబడి, హాస్టల్‌కి వెళ్తే మెస్ మూసేసి ఉండేది. మూడు రోజులు అరటిపళ్లతో పడుకున్నాం. ఎవరికీ చెప్పలేదు, సేవకు వచ్చి తిండి అడగడమేంటి అని. దయచేసి మీరే అడగండి.

బందోబస్తు_విజయనగరం
పోలీసు శాఖలో చేసి రిటైరయ్యాను. పైన అందరూ మంచి విషయాలు చెప్పారు. నేను చెప్పేది ప్రాణాల సంగతి.

2024 జులై 2న ఉత్తరప్రదేశ్‌లోని హాథ్రస్ జిల్లాలో ఒక సత్సంగం దగ్గర తొక్కిసలాటలో 121 మంది చనిపోయారు. ఎక్కువమంది ఆడవాళ్లు. ఎఫ్‌ఐఆర్ ప్రకారం 80 వేల మందికి అనుమతి తీసుకుంటే వచ్చింది రెండున్నర లక్షల పైనే. ప్రవచనం జరుగుతుండగా ఏమీ కాలేదు. అయిపోయి ప్రవచనం చెప్పినాయన వెళ్లిపోతుంటే, ఆయన నడిచిన చోటి మట్టి కోసం జనం ఒక్కసారిగా ముందుకి వచ్చారు. సేవకులు అడ్డుపడి తోశారు. పక్కన బురద పొలం, పల్లం. పడినవాళ్లు లేవలేకపోయారు.

మీది చిన్న కార్యక్రమమే. కానీ ప్రమాదం వచ్చే ఘడియ అదే, పాదనమస్కారం ఘడియ. ఇప్పుడే గురువుగారితో మాట్లాడండి. ప్రవచనం అయ్యాక ఎవరూ పాదాల దగ్గరికి రావద్దని మొదటిరోజే ఆయన నోటితోనే చెప్పించండి. ఆయన చెప్తే వింటారు, మనం చెప్తే వినరు. నమస్కారం చేసుకోవాలన్నవాళ్లకి ఉదయం బస దగ్గర ఒక గంట ఇవ్వండి, వరుసలో. కారు స్టేజీ వెనక నుంచే వెళ్లిపోవాలి.

గ్రౌండ్‌కి గేట్లు ఎన్ని ఉన్నాయో అన్నీ తెరిచి ఉంచండి. సైకిళ్లు పోతాయని వెనక గేటుకి తాళం వేయొద్దు. జనం మధ్యలో ఆరడుగుల దారి వదలండి, ఎంత పెద్దమనిషి వచ్చినా అక్కడ కుర్చీ వేయొద్దు. సేవకులకి ఒక్కటే నేర్పండి: చెయ్యి వేసి తోయకూడదు. చేతులు కట్టుకుని వరుసగా నిలబడి "అమ్మా, నెమ్మదిగా" అనాలి.

ఎడిసన్_తెలుగు
న్యూజెర్సీలో మేం వీకెండ్ ప్రవచనాలు పెడుతుంటాం. ఇక్కడ స్కూల్ ఆడిటోరియం అద్దెకి తీసుకోవాలంటే ఇన్సూరెన్స్ కాగితం అడుగుతారు, హాల్లో ఎన్ని సీట్లుంటే అంతమందే. రిజిస్ట్రేషన్ లేకుండా వచ్చినవాళ్లని గుమ్మం దగ్గర ఆపాల్సి రావడం చాలా కష్టంగా ఉంటుంది. ఊళ్లో ఆకాశం కింద చేసుకోవడం ఎంత అదృష్టమో మాకు ఇక్కడ తెలుస్తుంది.

ఒక సలహా అక్కడా ఇక్కడా పనికొస్తుంది. గురువుగారి వెంట ఒక్కరే ఉండాలి, ఏడు రోజులూ ఆ ఒక్కరే. ఆయన ఏం తింటారు, ఎప్పుడు పడుకుంటారు, గొంతుకి వేడినీళ్లా మిరియాల కషాయమా అన్నది ఆ ఒక్కరికే తెలియాలి. మొదటిసారి మేం రోజుకొకరింట్లో భిక్ష ఏర్పాటు చేశాం. ప్రతి ఇంట్లోనూ ప్రేమతో పదిరకాలు వండి, కొసరి కొసరి వడ్డించారు. మూడో రోజుకి ఆయన గొంతు పోయింది. ఆయన ఒక్కమాట అనలేదు, మాకే తలెత్తుకోలేకుండా అయింది.

ఖమ్మం_తమ్ముడు
సన్మానాల సంగతి మరిచిపోయా. దాతలకి శాలువాలు రోజూ వేస్తే నలభై నిమిషాలు పోతాయి. ఆఖరి రోజు ఒకేసారి పెట్టుకోండి.

పులిహోరపిన్ని
ఆఖరి రోజు కూడా వద్దు తమ్ముడూ. ఆ రోజు అందరి మనసూ నిండి ఉంటుంది, ఆ సమయంలో మైకులో పేర్లు చదవడం నాకు బాగుండదు. బోర్డు మీద రాస్తే చాలు.

గోదారిగట్టు
రెండున్నర నెలల తర్వాత రాస్తున్నాను, క్షమించండి. నిన్ననే గ్రౌండ్ ఊడ్చి స్కూలుకి అప్పజెప్పాం.

మీరు చెప్పినవి ప్రింటు తీసి కమిటీలో చదివాం. ఆడవాళ్లు ఏడుగురు వచ్చి చేరారు, పద్నాలుగు కాస్తా ఇరవై ఒకటి అయింది. సేవకులు ఎనభై నాలుగు మంది, రెండు జట్లు. చీటీలు తీశాం. స్టేజీ దగ్గరే ఉంటానన్న మా రైస్ మిల్లు బాబాయికి చెప్పుల స్టాండు వచ్చింది. సున్నంతో గీతలు గీయించి, వరుసలకి అ ఆ ఇ ఈ అని పేర్లు పెట్టి, సంచుల మీద నంబర్లు రాయించింది ఆయనే. జట్టు మారే రోజున కూడా లోపలికి రాలేదు. అడిగితే "వచ్చినవాళ్లందరి మొహాలూ ఇక్కడే కనపడుతున్నాయిరా" అన్నారు. అందుకని ధ్వని నెల్లూరు గారి మాట పట్టుకుని ఒక చిన్న స్పీకరు చెప్పుల దగ్గర కూడా పెట్టించాం.

ఐదో రోజు రాత్రి వాన దంచేసింది. తెల్లారేసరికి గ్రౌండంతా బురద, చీలమండ దాకా దిగిపోతోంది. ఆరో రోజే రుక్మిణీ కళ్యాణం. బాబాయి మిల్లు నుంచి రెండు ట్రాక్టర్ల ఊక తోలించారు. కాలేజీ పిల్లలు పారలతో చల్లి, పైన టార్పాలిన్లు, వాటిమీద కార్పెట్లు వేసేసరికి సాయంత్రం నాలుగైంది. వాళ్లకి పిన్నిగారు చెప్పిన పులిహోర ముందే పెట్టాం. ఆ రోజు రెండువేల పైనే వచ్చారు. ప్రవచనం అయ్యాక గురువుగారు మైకులో "కూర్చున్నచోటే నమస్కరించండి, నాకు అందుతుంది" అన్నారు. ఒక్కరూ ముందుకి తోసుకురాలేదు. విజయనగరం గారూ, ఆ క్షణం మీరే గుర్తొచ్చారు.

జమాఖర్చుల కాగితం రామాలయం గోడకి అంటించాం. 11,460 రూపాయలు మిగిలింది, స్కూల్ బాత్‌రూములకి తలుపులు వేయించడానికి ఇచ్చేస్తున్నాం.

ఎవరివో పదకొండు జతల చెప్పులు కూడా మిగిలాయి. రామాలయం అరుగు మీద పెడితే తొమ్మిది జతలు తీసుకెళ్లారు. ఒక చిన్నపిల్ల ఎర్ర చెప్పులు, ఒక పెద్దాయన తోలు చెప్పులు ఇంకా అక్కడే ఉన్నాయి. మా చుట్టుపక్కల వాళ్లెవరైనా ఇది చదివితే వచ్చి తీసుకెళ్లండి. పూజారిగారు ఉదయం పది దాకా ఉంటారు.