‘రెండేసి’ అన్న మాటా, తుమ్మెదల లెక్కా

‘రెండేసి’లోని ‘ఏసి’ ఏమిటని ఇక్కడ ఒకరు అడిగారు. విడిగా వ్యాకరణం చెప్పడం కన్నా, మా శ్రీకాకుళం వైపు పిల్లలకు వేసే ఒక నోటిలెక్కతో చెబితే బాగుంటుందనిపించింది. లెక్క చాలామందికి తెలిసినదే: ‘కొలనులో కొన్ని తామరలు, వాటిపైకి వచ్చినవి కొన్ని తుమ్మెదలు. పువ్వుకొకటి చొప్పున వాలితే ఒక తుమ్మెదకు చోటు దొరకదు, రెండేసి వాలితే ఒక పువ్వు ఖాళీగా ఉంటుంది. పూలెన్ని, తుమ్మెదలెన్ని?’

‘రెండు తుమ్మెదలు వాలాయి’ అంటే మొత్తం రెండే. ‘రెండేసి వాలాయి’ అంటే మొత్తం ఎంతో తెలియదు, ఒక్కో పువ్వు వంతుకు ఎన్ని వచ్చాయో మాత్రమే తెలుస్తుంది. మూడేసి, పదేసి, మనుషులకైతే ఇద్దరేసి, ముగ్గురేసి అని ఈ ‘ఏసి’ సంఖ్యల వెంట వరసగా నడుస్తుంది కాని, ఒకటి దగ్గర సాధారణంగా వినపడదు. అక్కడ ‘ఒక్కొక్కటి’, ‘ఒక్కో’, ‘తలా ఒకటి’, లేదా ఈ లెక్కలో వచ్చిన ‘పువ్వుకొకటి’ ఆ పని చేస్తాయి. మా పల్లెల్లో దాన్నే ‘పువ్వుకోటి’ అంటారు.

ఇప్పుడు లెక్క సంగతి. బడిలో అయితే పూలను ఎక్స్ అనుకొని, తుమ్మెదలు పూల కన్నా ఒకటి ఎక్కువని ఒక సమీకరణం, ఒక పువ్వు తీసేసి మిగిలినవాటికి రెండింతలని మరొక సమీకరణం రాయిస్తారు. అందులో తప్పేమీ లేదు, జవాబూ సరిగ్గానే వస్తుంది, కాని ఆ సమీకరణం విప్పుతున్నంతసేపూ తుమ్మెద ఒక్కటీ కంటికి కనిపించదు.

పువ్వుకొకటి చొప్పున వాలి ఉన్న తుమ్మెదలను కదపకుండా, ఖాళీ కావలసిన ఒక్క పువ్వు మీది తుమ్మెదను మాత్రం లేపండి. చోటు దొరకక తిరుగుతున్నది ఒకటి, ఇప్పుడు లేచినది ఒకటి, వెరసి గాలిలో ఉన్నవి రెండు. మిగిలిన ప్రతి పువ్వు మీదా ఇప్పటికే ఒకటి ఉన్నది కనుక, ‘రెండేసి’ కావడానికి ఒక్కోదానికి ఇంకొక్కటి చాలు. గాలిలో ఉన్నవి రెండే కాబట్టి ఆ పూలూ రెండే. ఖాళీ పువ్వుతో కలిపి పూలు మూడు, తుమ్మెదలు నాలుగు. లెక్క అడిగిన మాటలు తప్ప కొత్త మాట ఒక్కటీ అవసరం పడలేదు. నాకు ఆనందం కలిగించేది అదే.

మాట మారిస్తే ఏమవుతుందో కూడా చూడవచ్చు. ‘మూడేసి వాలితే ఒక పువ్వు ఖాళీ’ అంటే, తక్కిన పూలలో ఒక్కోదానికి ఇంకా రెండు కావాలి, గాలిలో ఉన్నవీ రెండే, కనుక అటువంటి పువ్వు ఒక్కటే ఉంటుంది: పూలు రెండు, తుమ్మెదలు మూడు. ‘నాలుగేసి’ అంటే ఒక్క పువ్వుకే ఇంకా మూడు కావలసి వస్తుంది కాబట్టి ఆ లెక్క ఇక నిలవదు.

వ్యాఖ్య: మాస్టారూ, భాస్కరాచార్యుడి లీలావతిలోనూ తుమ్మెదల లెక్క ఉంది కదా. అయిదో వంతు కడిమి పువ్వుకు, మూడో వంతు మరొక పువ్వుకు, ఆ రెండింటి తేడాకు మూడింతలు కొడిసె పువ్వుకు పోగా, ఒక్కటి గాలిలో తిరుగుతూ ఉంటుంది. దానికీ ఇది పనికొస్తుందా? (విజయనగరం నుంచి)

జవాబు: పనికి రాదమ్మా. 1150 నాటి ఆ లెక్కలో ఉన్నవి వంతులు, పంపకం కాదు. అయినా అక్కడా ఒక దగ్గరదారి ఉంది. అయిదుకూ మూడుకూ భాగం పోయే పదిహేను తీసుకుంటే, మూడు, అయిదు, వాటి తేడాకు మూడింతలైన ఆరు, మొత్తం పద్నాలుగు పోయి సరిగ్గా ఒక్కటి మిగులుతుంది.

‘చొప్పున’తో తేలిపోయే లెక్క కావాలంటే మన సంక్రాంతి కబడ్డీ పోటీలనే తీసుకోండి. ఓడిన జట్టు ఇంటికి పోయే పద్ధతిలో 37 జట్లు వస్తే ఎన్ని ఆటలు జరగాలి? పద్దెనిమిది, తొమ్మిది, అయిదు, రెండు, ఒకటి, ఒకటి అని విడతలవారీగా కూడనక్కరలేదు. ఆటకొక జట్టు చొప్పున ఇంటికి పోతుంది, గెలిచిన ఒక్క జట్టు తప్ప అన్నీ పోవాలి, కనుక 36 ఆటలు. నిర్వాహకులు మూడో బహుమతికి కూడా ఆట పెడితే మాత్రం దాన్ని విడిగా కలుపుకోవాలి, ఎందుకంటే ఆ ఆడే రెండు జట్లూ అప్పటికే ఓడినవి.