అన్నం తినే ఇంట్లో గోధుమ ఎక్కడ దాక్కుంటుంది?

తెనాలి అమ్మమ్మ:

అందరికీ నమస్కారం. 32 ఏళ్లు లెక్కల పంతులమ్మగా పనిచేసి రిటైరయ్యాను. మా అమ్మాయి కుటుంబం పుణేలో ఉంటుంది. మనవరాలికి 7 ఏళ్లు. రెండేళ్లుగా పిల్ల ఎదుగూ బొదుగూ లేదు. సీసాలకు సీసాలు ఐరన్ సిరప్పు పట్టించినా రక్తం పెరగలేదు. చివరికి మొన్న ఫిబ్రవరిలో సీలియాక్ జబ్బు అని తేల్చారు. గోధుమ, మైదా, బొంబాయి రవ్వ, బార్లీ జన్మంతా ముట్టకూడదట. మా అమ్మాయి ఫోనులో ఏడుస్తుంటే, "పిచ్చిదానా, మనం అన్నం తినేవాళ్లం. చపాతీ మానేస్తే సరిపోతుంది" అని తేలిగ్గా అనేశాను.

వేసవి సెలవులకు పిల్ల నా దగ్గరకు వచ్చింది. చపాతీ మాటే ఎత్తలేదు, ఉప్మా మానేశాను. పప్పు, చారు, పులిహోర, పెరుగన్నం, ఇవే పెట్టాను. చిరుతిండికి జంతికలు చేశాను. బజారు పిండి నమ్మకుండా బియ్యం, శనగపప్పు మరకు పట్టుకెళ్లి నా కళ్లముందే ఆడించి తెచ్చాను. అయినా నాలుగో రోజుకల్లా కడుపునొప్పి. వారం తిరిగేసరికి పొట్ట ఉబ్బి, రెండుసార్లు వాంతి చేసుకుంది. నేను అనుమానంగా చూశానేమో, "అమ్మమ్మా, నేనేమీ దొంగతనంగా తినలేదు" అంది. ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

మళ్లీ దసరాకు వస్తుంది. నేను ఎక్కడ తప్పు చేశాను? మా వదినగారేమో "చిటికెడు చిటికెడు పెట్టి అలవాటు చేస్తే అదే పడుతుంది" అంటున్నారు. నిజమేనా?

నిజాంపేట అమ్మ:

అమ్మా, ముందు మీ పోపుల డబ్బా తెరిచి ఇంగువ బయటికి తీయండి. దాని వెనక సన్న అక్షరాలు చదవండి. అసలు ఇంగువ ఘాటు భరించలేం కాబట్టి, బంకా పిండీ కలిపి అమ్ముతారు. ఆ పిండి చాలా డబ్బాల్లో గోధుమపిండో మైదానో అయి ఉంటుంది. మీరు చెప్పిన పప్పు, చారు, పులిహోర మూడింటికీ ఇంగువ పోపే కదా? మా అబ్బాయికి సీలియాక్ అని తెలిశాక కూడా ఏడాదిపాటు ఇంగువ వేసిన చారే పోశాను. ఇప్పుడు తలచుకుంటే ఒళ్లు మండుతుంది. బియ్యప్పిండి కలిపిన ఇంగువ దొరుకుతుంది. దొరకకపోతే వెల్లుల్లి, జీలకర్రతో కానివ్వండి, చారు ఏమీ చెడిపోదు.

ఇక ఆ జంతికలు. మీ కళ్లముందే ఆడించారు, నిజమే. మీకు ముందు వచ్చినావిడ ఏం ఆడించుకుందో చూశారా? ఆవిడ గోధుమపిండి ఆ మరలోనే మిగిలి మీ బియ్యప్పిండితో కలిసి వస్తుంది. మా ఇంట్లో మర పిండికి ప్రవేశం లేదు. బియ్యం కడిగి, గుడ్డమీద ఆరబోసి, మిక్సీలో పట్టి జల్లిస్తాను. జొన్నలు, రాగులు, కొర్రలు పిల్లకు నిక్షేపంగా పెట్టవచ్చు, కానీ గింజలుగా కొని, ఏరి, కడిగి ఇంట్లోనే పట్టండి. చపాతీ పీట, కర్ర, పెనం పిల్ల వంటకు వాడకండి. పూరీలు వేయించిన నూనెలో వడియాలు వేయించకండి. సేమ్యా పాయసం బదులు సగ్గుబియ్యం. పిల్లలకు పాలలో కలిపే మాల్ట్ పొడులు చాలావరకు బార్లీవే.

అన్నిటికన్నా కష్టం ప్రసాదాలతో. అన్నవరం ప్రసాదం గోధుమ నూకతోనే చేస్తారు. ఒకసారి మా అత్తగారు విస్తరాకు పొట్లం విప్పి, "దేవుడి ప్రసాదం ఏం చేస్తుందమ్మా" అని వాడి నోట్లో పెట్టారు. ఆ రాత్రి ఒంటిగంట నుంచి తెల్లవారేదాకా బకెట్టు పట్టుకుని కూర్చున్నది మాత్రం నేనే. ఇప్పుడు వాడే కళ్లకద్దుకుని నాన్న చేతిలో పెట్టేస్తాడు.

మీ వదినగారి మాట వినకండి. ఇది అలవాటుతో పోయేది కాదు. మన చిన్నపేగు లోపల సన్నని నూగులాంటిది ఉంటుంది, తిన్నదాంట్లో సారం పీల్చేది అదే. గోధుమ, బార్లీలలో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తు తగిలినప్పుడల్లా ఈ పిల్లల ఒంట్లోని రక్షణ వ్యవస్థే ఆ నూగును దెబ్బతీస్తుంది. సిరప్పు ఒంటికి పట్టకపోవడానికి కారణం అదే. చిటికెడు అంటే ఎంతో చెబుతాను. మన దేశంలో ప్యాకెట్ మీద "గ్లూటెన్ లేదు" అని వేయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు మించకూడదు. లెక్కల టీచరుగారు కదా, యాభై వేలలో ఒక వంతు!

గుంటూరు కారం:

గుంటూరులో పుట్టి వేరుశనగ పడనివాణ్ణి నేను. టిఫిన్ సెంటర్లో నేను ఇడ్లీని పొడితో తింటుంటే వింత జంతువును చూసినట్టు చూస్తారు. ఒకసారి పొరపాటున పల్లీ పచ్చడి నాలుకకు తగిలితే అయిదు నిమిషాల్లో పెదవులు వాచి, గొంతు బిగుసుకుపోయింది. ఆసుపత్రిలో అడ్రినలిన్ ఇంజక్షన్ ఇచ్చాక గాని ఊపిరి అందలేదు. అది చూసినవాళ్లు మళ్లీ నాకు పల్లీ చూపించలేదు.

మీ పాపది వేరే రకం కష్టం. అసలు అది ఎలర్జీయే కాదు. నాలాగా తిన్న వెంటనే ముఖం వాయదు, దద్దుర్లు రావు, ఒక్కోసారి బయటికి ఏమీ తెలియకుండానే లోపల పేగు పాడవుతుంది. అందుకే చుట్టాలు నమ్మరు. నా సలహా ఒకటే. బంతిలో "గోధుమ పడదు" అనకండి. పడదు అంటే మనవాళ్లకు వంకాయ తింటే వచ్చే దురద గుర్తొస్తుంది, "ఒక్క ముక్కకు ఏమవుతుంది" అంటారు. "పేగు జబ్బు, డాక్టరు వద్దన్నారు" అనండి. డాక్టరు పేరు చెబితే వడ్డించేవాళ్లు కూడా గరిటె వెనక్కి తీసుకుంటారు.

కరీంనగర్ నాన్న:

మా బాబుకీ ఇలాగే రక్తం తక్కువ, బరువు పెరగడు. అయితే రేపటి నుంచే గోధుమ మానిపించి చూస్తాను.

నిజాంపేట అమ్మ:

కరీంనగర్ నాన్నగారూ, దయచేసి ఆ పని చేయకండి. గోధుమ మానేశాక పరీక్ష చేయిస్తే జబ్బు ఉన్నా లేనట్టు రావచ్చు. మామూలుగా తింటూ ఉండగానే పిల్లల డాక్టరుకు చూపించి, సీలియాక్ ఉందేమో చూసే టి.టి.జి. రక్తపరీక్ష గురించి అడగండి. అందులో ఎక్కువ వస్తే చాలామందికి ఎండోస్కోపీ కూడా చేస్తారు. రక్తం తక్కువ కావడానికి ఇంకా సవాలక్ష కారణాలుంటాయి. నులిపురుగులు కూడా కావచ్చు.

తెనాలి అమ్మమ్మ:

భూతద్దం పెట్టి చదివాను. గోధుమపిండి అని ఉంది. అదీ ఇంగువ కంటే ముందు వరసలో! ఇన్నేళ్లూ నేను ఇంగువ అనుకుని పోపులో వేసింది సగం గోధుమపిండే అన్నమాట.

ఇంకొక్క సందేహం. దసరాకు పిల్లకు సున్నుండలు చేద్దామని మా అత్తగారి తిరగలి దించాను. ఆవిడ దాని మీద గోధుమ రవ్వ కూడా విసిరేవారు. శుభ్రంగా కడిగి ఎండబెడితే మినుములు విసరవచ్చా?

నిజాంపేట అమ్మ:

వద్దమ్మా. రాతి గంట్లలో దూరినది కడిగితే పోదు. పిల్లకోసం మిక్సీకి విడిగా ఒక జార్ కొనండి. మినుములు గింజలుగా కొని, ఏరి, కడిగి ఆరబెట్టాక వేయించండి.

తెనాలి అమ్మమ్మ:

జార్ కొన్నాను. తిరగలి మళ్లీ అటక ఎక్కింది. జార్ మూత మీద ఎర్ర గోళ్ల రంగుతో పిల్ల పేరు రాసి, ఫోటో తీసి పంపాను. తర్వాత పిల్లకు ఫోను చేసి, "దొంగ దొరికిందే తల్లీ, నా పోపుల డబ్బాలోనే ఉంది" అన్నాను. అటువైపు కాసేపు చప్పుడు లేదు. ఆ తర్వాత, "నేను అప్పుడే చెప్పాను కదా" అంది.