7 ఐరన్ గోల్ఫ్ క్లబ్‌కి వేసిన గ్రాఫైట్ షాఫ్ట్ (కాడ) ప్రతిసారీ ఒకేచోట విరుగుతోంది. కారణం చెప్పగలరా?

నమస్కారం అండీ. మేముండేది బెంగళూరు దొమ్మలూరులో. మోచేతి నొప్పి వల్ల నాన్నగారు తన 7 ఐరన్‌కి స్టీల్ షాఫ్ట్ తీయించి గ్రాఫైట్ వేయించుకున్నారు. అది విరిగింది. మళ్ళీ వేయిస్తే మళ్ళీ అక్కడే, సరిగ్గా హోజెల్ (క్లబ్ హెడ్‌లో షాఫ్ట్ దూరే గొట్టం) అంచు దగ్గర విరిగింది. ఆయన స్వింగ్ చాలా నెమ్మది, కాబట్టి బలంగా కొట్టడం వల్ల అంటే నేను నమ్మను. స్టీల్ ఉన్న మిగతా ఐరన్లన్నీ బాగానే ఉన్నాయి.

హోజెల్ లోపలి అంచు వేలికి పదునుగా తగులుతోంది. గ్రాఫైట్ వేసేటప్పుడు ఆ అంచును ఏటవాలుగా అరగదీయాలట, లేకపోతే అది షాఫ్ట్‌లోకి దిగి నారలను కోసేస్తుందట. నాకున్న ఇంకో అనుమానం: హోజెల్ రంధ్రం 0.355 అంగుళాలదై ఉండి, 0.370 షాఫ్ట్‌ను అరగదీసి దూర్చారేమో. అలాగైతే పైనున్న రంగుతో పాటు నారలూ పోయినట్టే కదా?

విరిగిన ముక్కను చూసి ఈ రెండింటిలో ఏది కారణమో ఎలా తేల్చుకోవాలి? ముక్క నా దగ్గరే ఉంది. బెంగళూరులో అంచు సరిచేసి, కొలత చూసి బిగించేవాళ్ళు తెలిస్తే దయచేసి చెప్పండి. ఆడుతుండగా హెడ్ ఎగిరి ఎవరికైనా తగులుతుందేమోనని ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.